తొండి

నవంబరు 7 రాత్రి మా వంటింట్లో ఒక్క వాక్యం దగ్గర అరగంట ఆగిపోయాం. 2024 అమెరికా అధ్యక్ష ఎన్నికల ఫలితం తేలిన మర్నాడది. ఆ రోజు పొద్దున అప్పటి అధ్యక్షుడు బైడెన్ వైట్‌హౌస్ రోజ్ గార్డెన్‌లో నిలబడి మాట్లాడాడు. పది నిమిషాలు కూడా లేని ప్రసంగం. అది విని, ఇంట్లో పెద్దవాళ్ళతో మాట్లాడి ఏమనుకున్నారో రాసుకురమ్మని మా పెద్దదానికి వాళ్ళ టీచరు చెప్పారు. మా ఇంట్లో అందరికన్నా పెద్ద మా అమ్మ. అక్టోబరులో తెనాలి నుంచి వచ్చింది. ఇంగ్లీషు రాదు. మనవరాలికి తెలుగు అర్థమవుతుంది గానీ, మాట్లాడబోతే క్రియలన్నీ ఇంగ్లీషులోనే పడతాయి. మధ్యలో దుబాసీని నేను.

మిగతా మాటలన్నీ సాఫీగానే సాగాయి. ట్రంప్‌కి ఫోన్ చేసి అభినందించానన్నాడు. జనవరి 20న అధికార మార్పిడి శాంతిగా జరుగుతుందన్నాడు. ఎన్నికల వ్యవస్థ నిజాయితీగా ఉంది, గెలిచినా ఓడినా దాన్ని నమ్మచ్చన్నాడు. చిక్కల్లా ఈ ఒక్క వాక్యం దగ్గరే. నేను యథాతథంగా తెలుగులో పెట్టేశాను: "గెలిచినప్పుడు మాత్రమే నువ్వు నీ దేశాన్ని ప్రేమించలేవు."

అమ్మ చిక్కుడుకాయ ఈనె తీస్తూ ఆగింది. "ఎందుకు ప్రేమించలేడే? గెలిచాడుగా!"

నిజమే, నేనన్నదానికి అర్థం తిరగబడింది. "గెలిస్తేనే ప్రేమిస్తానంటే కుదరదు" అని మార్చాను. అమ్మ కాసేపు ఆలోచించింది. "ఓహో. ఓడిపోగానే తొండి అనొద్దంటాడు. అంతేనా?"

అప్పటిదాకా పెన్సిల్ కొరుకుతూ కూచున్న మా అమ్మాయి మొహం వెలిగింది. తొండి అన్న మాట దానికి బాగా తెలుసు.

ఎలా తెలుసో చెప్పాలి. 2020 ఫిబ్రవరిలో అమ్మ ఆరు నెలలుందామని వచ్చి, కోవిడ్‌తో విమానాలు ఆగిపోయి ఏడాది పైన ఇక్కడే ఇరుక్కుపోయింది. పిల్లకి స్కూలంతా లాప్‌టాప్‌లోనే. మేమిద్దరం చెరో గదిలో మీటింగుల్లో. ఆ ఏడాది వాళ్ళిద్దరూ బేస్‌మెంట్‌లో సుద్దముక్కతో ఐదు గళ్ళూ ఐదు గళ్ళూ గీసుకుని అష్టాచెమ్మా ఆడారు. గవ్వలు లేవు. చింతపండులో వచ్చిన పిక్కల్ని అమ్మ మా ఇంటి ముందు కాంక్రీటు మీద గంటసేపు అరగదీసింది. ఒకవైపు నల్లగా నిగనిగ, ఇంకోవైపు తెల్లగా వచ్చిన నాలుగు బద్దలు. నాలుగూ తెల్లగా పడితే చెమ్మా, నాలుగూ నల్లగా పడితే అష్టా. కారు తీయబోతున్న పక్కింటాయన కిందికి దిగి ఏం చేస్తున్నారని అడిగితే అమ్మ ఒక బద్ద చూపించి నవ్వింది. ఆయనకేం అర్థమైందో తెలీదు గానీ, మర్నాడు ఒక గరుకు కాగితం తెచ్చిచ్చాడు.

మా పిల్లకి ఓడిపోవడం అప్పట్లో అస్సలు పడేది కాదు. కాయ చచ్చిందంటే "తొండి! అమ్మమ్మా, తొండి!" అని కేకలు. అందుకని అమ్మ ఒక రూలు పెట్టింది. తొండి అన్నవాళ్ళు ఎక్కడ జరిగిందో చూపించాలి. చూపించలేకపోతే వాళ్ళకి ఒక పందెం, అంటే బద్దలు వేసే వంతు, పోతుంది.

2021 జనవరి 6న, అధ్యక్ష ఎన్నికల ఓట్లు పార్లమెంటులో లెక్కపెట్టి ఖరారు చేసే రోజున, మధ్యాహ్నం టీవీ పెట్టాం. మేముండేది వర్జీనియాలో ఆష్‌బర్న్. వాషింగ్టన్‌లో పార్లమెంటు కూచునే క్యాపిటల్ భవనం ట్రాఫిక్ లేకపోతే గంట లోపు దూరం. ఇండియా నుంచి ఎవరొచ్చినా మాకొక టూరు ఉంది: లాన్హమ్‌లో శివవిష్ణు ఆలయం, లింకన్ మెమోరియల్, చివర్లో క్యాపిటల్ ముందు ఫొటో. అమ్మ కూడా గద్వాల చీరలో దిగింది. ఆ భవనం కిటికీలు పగలగొట్టి, 2020లో ఓడిన ట్రంప్ మనుషులు లోపలికి దూరుతుంటే మాకెవరికీ నోట మాట రాలేదు. వాషింగ్టన్‌లో సాయంత్రం ఆరు నుంచి కర్ఫ్యూ అన్నారు.

"వాళ్ళకేం కావాలి?" అని అడిగింది పిల్ల. దానికప్పుడు ఎనిమిదేళ్ళు.

"ఓడిపోయామని ఒప్పుకోవట్లేదు" అన్నాను.

"తొండంటున్నారు" అంది అమ్మ.

"చూపించారా?"

60కి పైగా కేసులు వేశారని, దాదాపు అన్నీ కోర్టులు కొట్టేశాయని మా ఆయన చెప్పాడు. "అయితే వాళ్ళకి ఒక పందెం పోవాలి" అనేసి పిల్ల పైకి వెళ్ళిపోయింది. సభ రాత్రికి మళ్ళీ కూడింది. లెక్క ముగిసేసరికి తెల్లవారుజాము మూడున్నర దాటింది. మేమప్పటికే పడుకున్నాం.

ఇక్కడ ఒక సంగతి ఒప్పుకోవాలి. ఇదంతా పిల్లకి నేర్పింది నేను కాదు. నేను నేర్పింది వేరే. 2024 సెప్టెంబరులో అది స్టూడెంట్ కౌన్సిల్‌కి నిలబడి పదకొండు ఓట్లతో ఓడిపోయింది. గెలిచినమ్మాయికి చెయ్యి కలిపి, హగ్ ఇచ్చి, కార్లో వచ్చి కూచుంది. కళ్ళు కొంచెం తడిగా ఉన్నాయి. నాకు ఆగలేదు. "ఆ అమ్మాయి వాళ్ళమ్మ రోజూ స్కూల్లోనే ఉంటుందిగా, ఏదో చేసుంటారులే" అన్నాను. ఓదార్పే అనుకున్నాను.

"నువ్వు చూశావా?" అంది, అద్దంలోంచి నా వంక చూస్తూ.

చూడలేదు. అంతకుముందు స్పెల్లింగ్ బీలో పోయినప్పుడూ ఇంతే. మాట పలికినావిడ యాస మీదికి నెట్టాను. పిల్లలు బాధపడకుండా చూడాలన్న తొందరలో మనం అనే మాటలివి. మన తెలుగువాళ్ళ పాట్‌లక్‌లలో చెవి పెట్టి వినండి, ఓడిన ఏ పిల్లా సరిగ్గా ఓడిపోయిందని ఎవరూ అనరు.

సరే, ఆ నవంబరు రాత్రికి వద్దాం. హోంవర్కులో రెండో ప్రశ్న: మీ పెద్దవాళ్ళు ఎప్పుడైనా ఇలాంటిది చూశారా? నేను అడిగీ అడగ్గానే అమ్మ చిక్కుడుకాయల పళ్ళెం పక్కన పెట్టేసింది. 1984 ఆగస్టు. రామారావు గారు అమెరికాలో గుండె ఆపరేషన్ చేయించుకుని అప్పుడే తిరిగొచ్చారు. 16న గవర్నరు రామ్‌లాల్ ఆయన్ని దించేసి నాదెండ్ల భాస్కరరావు గారితో ప్రమాణం చేయించాడు. మెజారిటీ తనకుందని, బలపరీక్ష పెట్టమని రామారావు గారు మొత్తుకున్నా వినలేదు. ఎమ్మెల్యేలని కర్ణాటకలో దాచుకోవాల్సి వచ్చింది. అమ్మకి అప్పటికి పెళ్ళయి ఏడాది. రోజూ పేపరు రాగానే తాతయ్య అరుగు మీద ఎమ్మెల్యేల లెక్క వేసేవాడట. పాలవాడు కూడా ఎంతమంది ఉన్నారని అడిగి పోసేవాడట. ముప్పై ఒక్క రోజులకి, సెప్టెంబరు 16న, ఆయన మళ్ళీ ముఖ్యమంత్రి అయ్యాడు.

"సో, ఓడిపోనివాణ్ణి దించేశారు" అంది పిల్ల, రాసుకుంటూ. "ఇక్కడేమో ఓడిపోయినవాడు దిగనన్నాడు."

పన్నెండేళ్ళదానికి ఆ తేడా తట్టింది. నాకు తట్టలేదు.

ఆ బైడెన్ వాక్యం గురించి తరవాత నేనొకటి గమనించాను. అది కొత్తది కాదు. 2022 జనవరి 6న, క్యాపిటల్ మీద దాడి జరిగి ఏడాదైన రోజున, ఆ భవనంలోనే స్టాచ్యురీ హాల్లో నిలబడి ఇదే మాట అన్నాడు. అప్పుడు అన్నది గెలిచి కుర్చీలో ఉన్నవాడు, ఒప్పుకోనివాణ్ణి దెప్పుతూ. వినడానికి బాగానే ఉంది గానీ, గెలిచినవాడు ఓడినవాడికి సుద్దులు చెప్పడంలో పెద్ద కష్టమేముంది? రెండేళ్ళ పది నెలల తరవాత తన పార్టీ ఓడినప్పుడు అదే వాక్యాన్ని తన మనుషులకే చెప్పాడు. నాకు ఆ రెండోసారిదే నచ్చింది. ఆ ముందురోజు ఆ పార్టీ అభ్యర్థి కమలా హారిస్ కూడా ఓడిపోతే ఫలితాన్ని ఒప్పుకోవాలనే చెప్పింది. చెప్పి ఊరుకోలేదు, దాని సంగతికి వస్తాను.

పిల్ల రాసింది చదివి మా ఆయన ఆ రాత్రి ఫ్యామిలీ వాట్సాప్ గ్రూపులో పెట్టబోయాడు. నేను ఆపాను. జూన్ 4న ఆంధ్ర ఫలితాలు వచ్చినప్పటి నుంచి ఆ గ్రూపులో మా బాబాయికీ మేనమామకీ మాటల్లేవు. ఒకరు గ్రూపు వదిలి వెళ్ళిపోయారు కూడా. మనవాళ్ళ మర్యాదలు చూడండి: 2019లో జగన్ ప్రమాణానికి చంద్రబాబు వెళ్ళలేదు, 2024లో చంద్రబాబు ప్రమాణానికి జగన్ వెళ్ళలేదు. తెలంగాణలో 2023 డిసెంబరులో రేవంత్ రెడ్డి ప్రమాణానికి కేసీఆర్ రాలేదు. అయితే ఆ రాత్రే కేసీఆర్ పడి తుంటి విరిగితే, కొద్ది రోజులకే రేవంత్ ఆసుపత్రికి వెళ్ళి పలకరించి వచ్చాడు. మొహాలు చూసుకోకపోయినా కుర్చీ మాత్రం చేతులు మారుతూనే ఉంది. అమెరికాలో మొహాలు చూసుకునే ఆచారం గట్టిది. బైడెన్ ప్రమాణానికి రానని 2021లో ట్రంప్ ఆగిపోతే, 1869 తరవాత అలా మానేసిన మొదటి అధ్యక్షుడని అందరూ వింతగా చెప్పుకున్నారు.

ఇక 2025 జనవరి 6. సోమవారం. రాత్రి నుంచి మంచు. స్కూళ్ళకి సెలవు. అమ్మ పకోడీలు వేస్తానంది. బేస్‌మెంట్‌లో పాత గళ్ళ మీద మళ్ళీ సుద్ద గీశారు. చింతబద్దలు అవే, ఒకదాని అంచు విరిగింది. ఈసారి మా చిన్నాడు కూడా ఆటలో ఉన్నాడు. టీవీ పెట్టి ఉంది. ఒంటిగంటకి కమలా హారిస్ సభాధ్యక్ష స్థానంలో కూచుంది. ఉపాధ్యక్షురాలిగా ఆ లెక్క చదవాల్సింది ఆవిడే. ట్రంప్‌కి 312 ఎలక్టోరల్ ఓట్లు. తనకి 226. గొంతు మారలేదు. నాలుగేళ్ళ కిందట తెల్లవారుజాము దాకా సాగిన పని అరగంటకి కాస్త అటూ ఇటూగా అయిపోయింది.

"తన స్కోరు తనే చదివిందా?" అన్నాడు చిన్నాడు.

"అందరి ముందూ" అంది వాళ్ళక్క.

అమ్మ టీవీ వంక చూసి, "పాపం, చీర కడితే ఎంత బావుండేదో" అంది. దానికీ దీనికీ ఏ సంబంధమూ లేదు. అమ్మంతే.

రెండు వారాల తరవాత, జనవరి 20న, ప్రమాణానికి బైడెన్ వెళ్ళాడు. చలి ఎక్కువని వేడుక భవనం లోపలే పెట్టారు. ట్రంప్‌కి రాసిన ఉత్తరం సొరుగులో పెట్టి వెళ్ళాడు. మా తెలుగు గ్రూపుల్లో మాత్రం ఆ రోజంతా కొత్త ఉపాధ్యక్షుడి భార్య ఉషా వాన్స్ ఫొటోలే, మన చిలుకూరివారమ్మాయి అంటూ. ఎవరికి ఓటేసినవాళ్ళయినా వాటికి ఓ దణ్ణం బొమ్మ పెట్టారు. మేం ఎవరికీ వెయ్యలేదులెండి. మా ఇద్దరిదీ ఇంకా హెచ్1బీయే, గ్రీన్‌కార్డు లైన్లోనే ఉన్నాం. మా ఇంట్లో మొదటి ఓటు 2030లో మా అమ్మాయిదే.

ఆ సాయంత్రమే, జనవరి 6 కేసుల్లో ఉన్న దాదాపు 1500 మందికి ట్రంప్ క్షమాభిక్ష పెట్టాడని వార్త. పిల్ల బేస్‌మెంట్ మెట్ల మీద నుంచే అరిచింది.

"అమ్మా! అంటే వాళ్ళకి పందెం పోలేదా?"

పోలీసుల్ని కొట్టినవాళ్ళూ వాళ్ళలో ఉన్నారని తను అప్పటికే చదివేసింది. అధ్యక్షుడికి ఆ అధికారం ఉందమ్మా, రాజ్యాంగంలోనే ఉంది అని మొదలుపెట్టాను. అది విన్నది. విని, "బట్ వాళ్ళు చూపించలేదుగా" అంది.

నా దగ్గర జవాబు లేదు. అమ్మ వైపు చూశాను. రూలు పెట్టింది తనే కదా. అమ్మ నాలుగు బద్దలూ గుప్పిట్లో గలగలలాడించి, గళ్ళ ముందు సర్దుకుని కూచుంది.

"ఎవరి పందెమే ఇప్పుడు?"