డబ్బా మీద పేరు లేదని వరండాలో అరిచారు: నా అనుభవం

నిన్న నా వీర్యకణాల డీఎన్ఏ టెస్టు రెండో రిపోర్టు వచ్చింది, ఆ ఊపులోనే రాస్తున్నా. మాది నల్లగొండ దగ్గర పల్లె, పత్తి జిన్నింగ్ మిల్లులో దూదిని బేళ్లుగా నొక్కే ప్రెస్సు దగ్గర పని చేస్తా. పెళ్లయి నాలుగేళ్లు. నా భార్య చేయించుకోని టెస్టు లేదు, నన్ను మాత్రం ఎవరూ అడగలేదు, నేనూ నోరు మూసుకున్నా.

చివరికి చేయించుకున్న వీర్య పరీక్ష నార్మల్ అని వస్తే ఇంట్లో మీసం మెలేశా. రెండుసార్లు గర్భం పోయాక డాక్టరమ్మ వీర్యకణాల డీఎన్ఏ టెస్టు రాసింది.

ల్యాబులో ఇచ్చిన గది అసలు గదే కాదు, గొళ్లెం ఊడిన బాత్రూమ్. ఒక కాలు తలుపుకు అడ్డం పెట్టాలి, బయట ఎవరో "ఇంకెంతసేపన్నా" అని దబదబ బాదుతున్నారు. ఎట్లాగో ఇచ్చి వచ్చి కూర్చున్నానో లేదో, కౌంటర్ కుర్రాడు డబ్బా పైకెత్తి "వీర్యం శాంపిల్ ఎవరిది, పేరు లేదు" అని వరండా అంతా వినేటట్టు అరిచాడు. వరుసలో మా మండలం మనిషి ఉన్నాడు. చెయ్యెత్తక తప్పలేదు. ఆడవాళ్లు ఇన్నేళ్లుగా ఇంతకంటే ఎక్కువ పడుతున్నారని అప్పుడు తట్టింది నా మట్టిబుర్రకి.

రిపోర్టులో 38 శాతం కణాల్లో డీఎన్ఏ తెగి ఉందన్నారు, 30 దాటితే ఆలోచించాల్సిందేనట. డాక్టరమ్మ ఓపికగా చెప్పింది. మామూలు కణంలో డీఎన్ఏ హిస్టోన్లనే ప్రోటీన్ల చుట్టూ చుట్టుకుని ఉంటుంది. వీర్యకణం తయారయ్యేటప్పుడు చివర్లో ఆ హిస్టోన్లు చాలావరకు తప్పుకుంటాయి, ఆ చోట్లోకి ముందు తాత్కాలికంగా వేరే ప్రోటీన్లు, తర్వాత డీఎన్ఏను ఇంకా గట్టిగా నొక్కిపెట్టే ప్రోటమైన్లనే ప్రోటీన్లు వస్తాయి. మెలి వదలడానికి డీఎన్ఏ అక్కడక్కడ తెగి మళ్లీ అతుక్కుంటుంది, అతకనివి అట్లనే మిగిలిపోతాయి. ఆఖరికి ఆ ప్రోటమైన్ల మధ్య గంధకం బంధాలు గట్టిగా బిగుస్తాయి.

"ఇది మా ప్రెస్సే కదా మేడం" అన్నా. వదులు దూది గోడౌన్ నింపేస్తుంది, నొక్కి తీగ కడితే 170 కిలోలు ఒక్క బేలు. తీగ సరిగ్గా పడకపోతే దారిలోనే విచ్చుకుంటుంది, దుమ్మూ తేమా పడతాయి. ఆమె నవ్వి, బీడీలు మానమంది. కొత్త కణం తయారవడానికే 74 రోజులదాకా పడుతుంది, పైన అది బయటికి వచ్చే ప్రయాణం వేరు, అందుకే మూడు నెలలాగి రమ్మంది. ఈలోపు వారంలో తేడా చూపిస్తానని ఒకాయన నాకు నాలుగువేల పొడి అంటగట్టాడు, వాడికి లెక్కలే రావు.

ఇప్పుడు 24. బీడీల వల్లో దేనివల్లో, తగ్గింది. ఈసారి పెన్ను జేబులో పెట్టుకుని పోయి డబ్బా మీద పేరు నేనే రాశా. మిల్లు నుంచి జానెడు బేలు తీగ కూడా తీసుకుపోయి ఆ తలుపు కట్టేసుకున్నా.