చుట్టాలు దిగలేదు
నిన్న రాత్రి మేడ మీద ఇరవై నిమిషాలు ఊపిరి బిగబట్టి నిలబడ్డాను. తూర్పున, ఇళ్ల కప్పులకు కాస్త పైన ఒక వెలుగు. ఎరుపు, ఆకుపచ్చ, నీలం... క్షణానికో రంగు. పైగా అటూ ఇటూ ఊగుతోంది! ఫోన్‌లో జూమ్ చేస్తే గుండ్రటి పళ్లెం. ఇంకేముంది, గ్రహాంతరవాసులే వచ్చేశారనుకుని ఇంట్లో అందరినీ లేపేశాను.

తీరా నక్షత్రాల పేర్లు చూపే యాప్ తెరిచి చూస్తే సిరియస్ నక్షత్రం. 8.6 కాంతి సంవత్సరాల దూరంలో తన మానాన తాను ఉంది పాపం. కిందికి ఉన్నప్పుడు దాని వెలుగు ఎక్కువ గాలిని దాటి రావాలి కదా, ఆ రంగులాటంతా గాలిదే. పళ్లెమేమో ఫోకస్ కుదరని కెమెరా పుణ్యం. ఊగడం మాత్రం నా కళ్ల భ్రమే. చీకట్లో ఒంటరి చుక్కను తదేకంగా చూస్తే అలాగే అనిపిస్తుందట. పిట్టగోడ అంచుకు సరిపెట్టి చూస్తే అస్సలు ఊగలేదు.

పొద్దున్నుంచీ చెల్లి ఒకటే గోల: "అన్నయ్యా, నీ చుట్టాలు దిగారా?"