వేన్నీళ్లలో పోయిన రిటైనర్

పోయిన ఏడాది మార్చిలో నా పళ్లకి క్లిప్పులు తీసేశారు. రెండేళ్లు దోరజామకాయ కొరకలేదు, చెరుకు ముక్క నమలలేదు. ఆ రోజే డాక్టర్ గారు పైకీ కిందకీ పళ్ల మీద తొడుగులా పెట్టుకునే రెండు ప్లాస్టిక్ రిటైనర్లు చేతికిచ్చి, "ఇవి మానేస్తే పళ్లు మళ్లీ పాత చోటికి జరుగుతాయమ్మా" అన్నారు.

నెల తిరక్కుండానే పైది పాడైంది. నోట్లో పెట్టుకునేది కదా, పాలసీసాలాగే మరిగిస్తే మంచిదనుకుంది అమ్మ. నేను స్నానం చేసి వచ్చేసరికి స్టవ్ మీద గిన్నెలో తెర్లుతున్న నీళ్లలో ఉంది. తీసి చూస్తే దవడపళ్ల దగ్గర అంచు లోపలికి ముడుచుకుపోయింది. ఎంత నొక్కినా ఒక పక్క కూర్చోదు. పాత అచ్చుతోనే కొత్తది చేసివ్వడానికి తొమ్మిది రోజులు పట్టింది. పెట్టుకోగానే ముందు పళ్లు రెండూ లాగేశాయి. ఆ కాస్త రోజుల్లోనే జరిగాయన్నమాట! భయమేసింది.

కింది దాని విషయంలో తప్పు నాదే. రోజూ టూత్‌పేస్ట్ పెట్టి గట్టిగా తోమేదాన్ని. పేస్టులో గరుకు ఉంటుంది. పంటికి పర్వాలేదు కానీ ప్లాస్టిక్ మీద సన్నటి గీతలు పడతాయి. అద్దంలా ఉన్నది మసకబారింది. ఆ గీతల్లో పాచి చేరి వాసన కూడా మొదలైంది.

ఇప్పుడు తీసిన వెంటనే, ఉమ్మి ఎండకముందే, చల్లటి నీళ్ల కింద పెడతాను. తర్వాత చిన్నపిల్లల మెత్తటి బ్రష్, గిన్నెలు తోమే లిక్విడ్ ఒక్క చుక్క. అంతే.

కింది రిటైనర్‌లో ముందుపళ్ల వెనక వచ్చే భాగాన్ని మాత్రం ట్యూబ్‌లైట్ కింద పెట్టి మరీ చూస్తాను. లాలాజలం ఊరే నాళాలు నాలుక కింద అక్కడే తెరుచుకుంటాయి. అందుకే పళ్లకి గార పట్టేదీ, రిటైనర్‌కి తెల్లటి పొర కట్టేదీ ముందు అక్కడే. పైగా మాది బోరు నీళ్ల అపార్ట్‌మెంట్, బకెట్ అంచుకి కట్టే తెల్ల చార దీనికీ కడుతుంది. ఆదివారం తెల్ల వెనిగర్, నీళ్లు సమంగా కలిపి పావుగంట నానబెడతాను. ఆ పొర మెత్తబడి బ్రష్‌కి ఊడొస్తుంది. తీగ ఉన్న రకమైతే ఇలా నానబెట్టే ముందు డాక్టర్‌ని అడగండి.

కాఫీ, టీ తాగేటప్పుడు తీసేయాల్సిందే. వేడికి వంగుతుంది, రంగూ పడుతుంది. తీసింది డబ్బాలోనే పెట్టాలి. బాబాయి కూతురి పెళ్లిలో బంతికి కూర్చుంటూ టిష్యూలో చుట్టి విస్తరి పక్కన పెట్టాను. పెరుగన్నం అయ్యేసరికి ఎత్తేయడానికి వచ్చినవాళ్లు దాన్నీ ఆకులో వేసి మడిచేశారు. పరుగెత్తి వెళ్లి తెచ్చుకున్నాను. అప్పటి నుంచి హ్యాండ్‌బ్యాగ్‌లో గాలి తగిలే చిల్లుల డబ్బా ఉంటుంది. వారానికోసారి డబ్బానీ సబ్బుతో కడగాలి, చాలామంది మర్చిపోతారు. మే నెలలో రిటైనర్‌ని కారులో వదిలేయొద్దు.

నిన్న రాత్రి కడుగుతుంటే కింది దాని కుడివైపు చివర వెంట్రుకంత బీట కనిపించింది. ఇంట్లో జిగురు పెట్టి అతికించే వస్తువు కాదిది. శనివారం అపాయింట్‌మెంట్ తీసుకున్నాను.