కాటా మీద ఒక ఆదివారం

హాల్లో పాత దుప్పటి పరిచి, హిమాచల్‌లో మనాలి దగ్గరి హంప్టా పాస్ అనే కొండ కనుమ దాటే ట్రెక్‌కి సమకూర్చిన సరంజామా అంతా దాని మీద పోసి, ఒక్కొక్కటే తూచడం. ఈ రోజంతా ఇదే పని. వీపున ఇల్లు మోసుకుని మొదటిసారి పదివేల అడుగుల పైకి వెళ్లేవాళ్లకు ట్రెక్ మొదలయ్యేది మనాలిలో కాదు, ఇక్కడే. బ్యాగ్ తగిలించుకుని కాటా ఎక్కి, బ్యాగ్ దించి మళ్లీ ఎక్కితే తేడా 15.8 కిలోలు వచ్చింది. ఒంటి బరువులో ఐదో వంతు దాటకూడదన్నది పాత లెక్క. 65 కిలోల మనిషికి 13 అన్నమాట. నీళ్లు, తిండి కూడా అందులోనే.

పెద్ద బరువులు మూడే. 55 లీటర్ల ఖాళీ బ్యాగ్ 1.8, స్లీపింగ్ బ్యాగ్ 1.5, ఇద్దరు పట్టే టెంట్ 2.4. టెంట్ గుడ్డ ఒకరు, కర్రలూ మేకులూ ఒకరు పంచుకుంటే తలా 1.2. వీటిలో తగ్గించాలంటే జేబుకు చిల్లు. మిగతావాటిలో తగ్గించడానికి మనసు రాయి చేసుకుంటే చాలు. జీన్స్ ప్యాంటు 700 గ్రాములు. తడిస్తే రెండు రోజులకీ ఆరదు, బయటికి. రెండో స్వెటర్ 600, బయటికి. టర్కీ టవల్ 450, దాని బదులు 120 గ్రాముల పల్చటి తువ్వాలు. 900 గ్రాముల అదనపు బూట్ల చోట 400 గ్రాముల శాండల్స్; వాగులు దాటడానికి అవి కావాల్సిందే. ఇక అమ్మ ప్రేమగా తెచ్చిపెట్టే ఆవకాయ గాజు సీసా, 750. రెండు కవర్లలో గట్టిగా కట్టిన 150 గ్రాముల ఆవకాయ సరిపోతుంది. ఎత్తులో ఆకలి చచ్చిపోతుంది కాబట్టి ఉప్పూ కారం తగిలితే తప్ప ముద్ద దిగదు. అందుకే దీన్ని విలాసం కింద లెక్కేయలేదు.

తిండి రోజుకు 600 గ్రాములు, నాలుగు రోజులకు 2.4 కిలోలు. బియ్యం, కందిపప్పు వద్దు. 14,000 అడుగుల దగ్గర నీళ్లు దాదాపు 86 డిగ్రీలకే మరిగిపోతాయి. గిన్నె తెర్లుతూనే ఉంటుంది, పప్పు మాత్రం ఉడకదు, కుక్కర్ మోసుకెళ్తే తప్ప. వేయించిన ఉప్మా రవ్వ, అటుకులు, సేమ్యా, కందిపొడి, పల్లీ పట్టీ పెట్టుకుంటే గ్యాస్ కూడా మిగులుతుంది. ఉత్త బ్యూటేన్ సిలిండర్ చలికి సరిగా ఆవిరి కాదు, మంట సన్నబడిపోతుంది. కొండ మీద స్టవ్ కొండెక్కడమంటే అదే. ఐసోబ్యూటేన్, ప్రొపేన్ కలిసిన సిలిండర్ తీసుకుని, రాత్రి దాన్ని స్లీపింగ్ బ్యాగ్‌లో పక్కన పెట్టుకుంటే పొద్దున్నే టీ పడుతుంది. విమానంలో గ్యాస్ సిలిండర్ ఏ బ్యాగులోనూ పెట్టనివ్వరు, మనాలిలో కొనుక్కోవాలి. పవర్ బ్యాంక్ చేతి సంచిలోనే ఉండాలి. టెంట్ లోపల స్టవ్ వెలిగించకూడదు, ఎంత వాన కురుస్తున్నా సరే. స్టవ్ వదిలే విషవాయువు కార్బన్ మోనాక్సైడ్‌కు వాసన ఉండదు.

సర్దడంలో ఒక వరస ఉంది. అడుగున స్లీపింగ్ బ్యాగ్. దాని పైన, వీపుకి ఆనుకుని, భుజం రెక్కల మధ్య ఎత్తులో తిండీ స్టవ్వూ, అంటే బరువైనవన్నీ. వీపుకి దూరంగా, బయటివైపు బట్టలు. అన్నిటికన్నా పైన రెయిన్‌కోటు. బరువు వీపుకి దూరంగా పడితే బ్యాగ్ వెనక్కి లాగుతుంది, మనిషి ముందుకు వంగుతాడు, సాయంత్రానికి నడుం పట్టేస్తుంది.

తగిలించుకునేటప్పుడు పట్టీలన్నీ వదులు చేయాలి. ముందు నడుం బెల్టు. బెల్టు మెత్త మధ్యభాగం తుంటి ఎముక అంచు మీద కూర్చోవాలి, పొట్ట మీద కాదు. అది బిగించాకే భుజం పట్టీలు, ఆ తర్వాత భుజాల పైనుంచి బ్యాగ్‌కి వెళ్లే చిన్న పట్టీలు, చివర్న ఛాతీ క్లిప్పు. భుజం పట్టీ కింద రెండు వేళ్లు సులువుగా దూరితే బరువు తుంటి మీదికి దిగినట్టే. చాలామంది ముందు భుజాలు బిగిస్తారు. మొదటి రోజే మెడ నరాలు లాగేది అందుకే.

అటక మీద నాలుగేళ్లుగా ఉన్న బూట్లను నమ్మకూడదు. పాలీయురేథేన్ అనే మెత్తటి ప్లాస్టిక్‌తో చేసిన అడుగు గాలిలోని తేమకే లోపల్లోపల చివికిపోతుంది, వాడకపోయినా సరే. చూడ్డానికి కొత్తగానే ఉండి, ఎక్కుడు దారిలో అట్టలా ఊడొస్తుంది. బొటనవేలితో గట్టిగా నొక్కితే పగుళ్లు కనబడతాయి.

కిలోల లెక్క తేలాక మీటర్ల లెక్క. దీనికి కాటా లేదు, క్యాలెండర్ ఉంది. మనకు ఎత్తు అలవాటయ్యే చోటు ఇక్కడెక్కడా లేదు. తూర్పు కనుమల్లోని మన పెద్ద శిఖరాలు కూడా 1,700 మీటర్ల లోపే. అలిపిరి 3,550 మెట్లు బ్యాగ్‌తో ఎక్కితే పిక్కలు గట్టిపడతాయి, ఊపిరీ కుదురుకుంటుంది. ఎత్తుకు మాత్రం అదేం పనికిరాదు. పాస్ 4,270 మీటర్లు. అక్కడ గాలిలో ఆక్సిజన్ శాతం మారదు, గాలి ఒత్తిడే సముద్రమట్టంతో పోలిస్తే 60 శాతం దగ్గరికి పడిపోతుంది. రోజూ జిమ్‌కెళ్లే కుర్రాడు తలపట్టుకుని కూర్చుంటే, నింపాదిగా నడిచే పెద్దాయన దాటేస్తాడు. కండకీ దీనికీ సంబంధం లేదు.

3,000 మీటర్లు దాటాక పడుకునే చోటు రాత్రికి 500 మీటర్లకు మించి పెరగకూడదు. మనాలి 2,050, ఆపై రాత్రి మజిలీలు చికా దాదాపు 3,100, బాలూ కా ఘేరా దాదాపు 3,600. మనాలిలో రెండు రాత్రులు, బాలూ కా ఘేరాలో ఒక రాత్రి అదనంగా కలపాలని రాసుకున్నా. సెలవు కలిసిరాదని ఆ అదనపు రాత్రినే ముందు కొట్టేస్తారు. కొట్టేయకూడనిది అదొక్కటే. పాస్ రోజు ఎనిమిది గంటలకు పైగా నడక, అవతలి మజిలీ సియాగోరు కూడా 3,900 దగ్గర. ఇవతల అలవాటు పడని ఒళ్లు అక్కడ కోలుకోదు.

ఎత్తు పడకపోతే ఒళ్లే చెప్తుంది. తలనొప్పికి తోడు వికారం, నీరసం, కళ్లు తిరగడం ఏదున్నా ఆ రోజు పైకి వెళ్లేది లేదు. తగ్గకపోతే కిందికే. సరళరేఖ మీద ఒక కాలి మడమకు ఇంకో కాలి వేళ్లు ఆనించి పది అడుగులు వేయమంటే తూలుతున్నా, కూర్చున్నా ఆయాసం తగ్గకపోయినా తెల్లారేదాకా ఆగకూడదు, రాత్రే దించాలి. ఎత్తు జబ్బు రాకుండా వాడే ఎసిటజోలమైడ్ మాత్ర సాధారణంగా 125 మిల్లీగ్రాములు రోజుకు రెండుసార్లు, ఎక్కడానికి ముందు రోజు నుంచి ఇస్తారు. డాక్టరుని అడిగాకే, ముఖ్యంగా సల్ఫా మందులు పడనివాళ్లు. వేళ్లు తిమ్మిరెక్కుతాయి, మాటిమాటికీ మూత్రం వస్తుంది, సోడా రుచి చచ్చిపోతుంది. అదంతా మందు గుణమే. వేలికి తగిలిస్తే రక్తంలో ఆక్సిజన్ చూపే ఆక్సీమీటర్ కూడా పెట్టా, కానీ చల్లబడ్డ వేలికి పెడితే అబద్ధం చెప్తుంది. చంకలో చెయ్యి వెచ్చబెట్టుకుని చూడాలి.

వాగుల సంగతి. మంచు కరిగి వచ్చే నీళ్లు కాబట్టి తెల్లవారి మోకాలి దాకా ఉన్నది మధ్యాహ్నానికి తొడల దాకా వస్తుంది. పొద్దున్నే దాటాలి. దిగే ముందు నడుం బెల్టు, ఛాతీ క్లిప్పు విప్పేయాలి. కాలు జారితే బ్యాగ్‌ని వదిలేయగలగాలి, లేకపోతే అదే బోర్లా ముంచుతుంది. మేజోళ్లు తీసి శాండల్స్‌తో, ప్రవాహానికి ఎదురుగా నిలబడి, కర్ర ముందు ఆనించి, పక్కకి అడుగు వేయాలి. నీళ్లు ఎముకలు కొరికేస్తాయి, అయినా పరిగెత్తకూడదు.

సాయంత్రం ఆరున్నరకి మళ్లీ కాటా ఎక్కితే 13.1. ఆ వంద గ్రాములు ఎక్కడివో తెలుసు. ఆవకాయ కవరు మాత్రం బయటికి తీసేది లేదు.