మందు ముట్టని నాకు జీజీటీ 92

నాకు మందు అలవాటు లేదు. అందుకే పోయిన వేసవిలో హెల్త్ చెకప్ రిపోర్టులో జీజీటీ (కాలేయం కోసం చేసే ఒక రక్తపరీక్ష) 92, పక్కన లావుపాటి అక్షరాల్లో 'హై' అని ఉంటే ఏమీ అర్థం కాలేదు. ఆ ల్యాబ్ లెక్కలో 55 దాటకూడదు. మొదట చూపించుకున్న డాక్టరు గారు తలెత్తకుండానే "తాగడం ఆపండి" అన్నారు. తాగనండీ అంటే నమ్మినట్టు లేదు. పక్కనే మా ఆవిడ ఉంది. ఆటోలో ఎంవీపీ కాలనీ వచ్చేదాకా ఇద్దరం మాట్లాడుకోలేదు. తలుచుకుంటే ఇప్పటికీ బాధేస్తుంది.

వారం తర్వాత ఇంకో డాక్టరమ్మ దగ్గరికి వెళ్లాం. ఆవిడ రిపోర్టు కన్నా ముందు టేపు తీశారు. చివరి పక్కటెముకకీ తుంటి ఎముకకీ మధ్య చుట్టి, ఊపిరి వదలమన్నారు. 98 సెంటీమీటర్లు! నా ప్యాంటు 34 కదండీ అన్నాను. "ప్యాంటు పొట్ట కింద కట్టుకుంటారు. నేను కొలిచింది పొట్ట" అన్నారు. మనవాళ్లలో మగవాళ్లకి 90, ఆడవాళ్లకి 80 లోపు ఉండాలట.

తర్వాత కాగితం మీద ఐదు రాశారు. నడుము, ట్రైగ్లిజరైడ్లు 150 గానీ ఆపైన గానీ, మంచి కొలెస్ట్రాల్ మగవాళ్లకి 40, ఆడవాళ్లకి 50 కన్నా తక్కువ, బీపీ 130/85కి చేరడం, పరగడుపు షుగరు 100కి చేరడం. వీటిలో మూడుంటే మెటబాలిక్ సిండ్రోమ్, అంటే షుగరు, గుండె జబ్బుల ముప్పు పెంచే లక్షణాల గుంపు. నాకు బీపీ తప్ప నాలుగూ ఉన్నాయి. ట్రైగ్లిజరైడ్లయితే 212.

మరి జీజీటీ? అది ఆ ఐదింట్లో లేదు. కాలేయంలో, పైత్య నాళాల్లో ఉండే ఎంజైమ్. తాగుడుతో పెరుగుతుంది, పైత్యనాళం మూసుకుపోయినా పెరుగుతుంది, కొన్ని ఫిట్స్ మాత్రలతోనూ పెరుగుతుంది. కాలేయంలో కొవ్వు చేరినా అంతే. అందుకే ఆ ఒక్క అంకె చూసి ఏ జబ్బనీ తేల్చకూడదన్నారు. పైత్యనాళం మూసుకుపోతే పెరిగే ఇంకో ఎంజైమ్, ఆల్కలైన్ ఫాస్ఫటేజ్, మామూలుగానే ఉంది, హెపటైటిస్ బీ, సీ లేవు. స్కానింగులో తేలింది, ఫ్యాటీ లివర్ గ్రేడ్ 1.

"ఈయన తాగరని నాకు నమ్మకమే అమ్మా" అని డాక్టరమ్మ మా ఆవిడతో అన్నారు. నాకు కళ్లు చెమర్చాయి.

మందులేవీ రాయలేదు. 81 కిలోల బరువులో ఆరేడు కిలోలు తగ్గమన్నారు. పొద్దున్నే ఆర్కే బీచ్‌లో కాళీమాత గుడి దగ్గర మొదలుపెట్టి గంట నడక. అది తేలికే. కష్టమంతా నైట్ షిఫ్టులో. రాత్రి రెండింటికి అందరూ పంచదార టీ, బజ్జీలు తెచ్చుకుంటారు. నేను ఇంటి నుంచి సీసాలో పట్టుకెళ్లిన చోడి (రాగి) అంబలి తాగేవాణ్ణి. అమ్మ ఉల్లిపాయ ముక్కలు, మజ్జిగ కలిపి ఇచ్చేది. మొదటి నెల ఆకలికి కడుపు మండిపోయింది.

ఆరు నెలలకి బరువు 75, జీజీటీ 47, ట్రైగ్లిజరైడ్లు 146. షుగరు ఇంకా 101 దగ్గరే ఉంది. నడుము 92.

ఆ 92 కొలిచింది మా ఆవిడే, కుట్టుమిషను పెట్టెలోని టేపుతో. కొలిచాక అదే టేపు తన నడుముకీ చుట్టుకుంది. 86. శుక్రవారం పరగడుపున ఇద్దరం ల్యాబుకి వెళ్తున్నాం.