తేదీలన్నీ రాశాను, మార్కులు మాత్రం 6: అమెరికా అంతర్యుద్ధంతో నా కుస్తీ

హిస్టరీ ఆప్షనల్ తీసుకుని తెలుగు మీడియంలో సివిల్స్ రాస్తున్నవాళ్ళ కోసం ఇది. రెండో పేపర్ సిలబస్‌లో అబ్రహాం లింకన్, బానిసత్వ నిర్మూలన, అమెరికా అంతర్యుద్ధం (బానిసత్వం వద్దన్న ఉత్తరాది రాష్ట్రాలకూ, కావాలన్న దక్షిణాది రాష్ట్రాలకూ 1861-65లో జరిగిన యుద్ధం) కలిపి ఒక్క లైనుంటుంది. ఆ ఒక్క లైను నా మూడు వారాలు తినేసింది.

టెస్ట్ సిరీస్‌లో ఈ యుద్ధం ఎందుకొచ్చిందన్న 20 మార్కుల ప్రశ్నకు 6 వచ్చాయి. యుద్ధానికి ముందు బానిసత్వం మీద నడిచిన తగాదాలు, అంటే మిస్సోరీ రాజీ, 1850 రాజీ, కాన్సస్, డ్రెడ్ స్కాట్ తీర్పు, బానిసత్వ వ్యతిరేకి జాన్ బ్రౌన్ తిరుగుబాటు, తేదీలతో సహా ఒక్కటీ వదల్లేదు. పేపర్ దిద్దినాయన పక్కన ఎర్ర ఇంకుతో ఒకే ముక్క రాశారు: 'అయితే?' రెండు రోజులు ఒళ్ళు మండిపోయింది. తర్వాత చల్లబడి చదువుకుంటే ఆయన అడిగింది న్యాయమే. దేని తర్వాత ఏదో రాశాను గానీ, దేనివల్ల ఏదో రాయలేదు.

నాకు దారి దొరికింది పత్తి దగ్గర. మాది పత్తి పండే ఊరు. కార్తీకమాసం వస్తోందంటే నాయనమ్మ వత్తుల కోసం పత్తి ముందేసుకుని గింజలు తీసేది. పొద్దంతా కూర్చున్నా ఒళ్ళో కాస్తంత దూదే. అందుకే 1793లో ఎలీ విట్నీ చేసిన జిన్నింగ్ యంత్రం ఏం మార్చిందో నాకు ఎవరూ చెప్పక్కర్లేకపోయింది. గింజ తీసే పని తగ్గితే బానిసల అవసరమూ తగ్గాలి కదా? తగ్గలేదు. ఎంత వేసినా అమ్ముడుపోయే పంటైంది, ఏరడం మాత్రం చేతులతోనే. 1790లో సుమారు 7 లక్షలున్న బానిసలు 1860 నాటికి దాదాపు 40 లక్షలయ్యారు. పత్తి పడమరకు పాకుతూ టెక్సాస్ దాకా పోయింది, వెనకే బానిసత్వమూ పోయింది.

అప్పుడు హాస్టల్ గోడకి అమెరికా మ్యాప్ అంటించి, కొత్త రాష్ట్రం చేరినప్పుడల్లా సెనేట్ (అమెరికా కాంగ్రెస్ ఎగువసభ) లెక్క పక్కన రాయడం మొదలుపెట్టాను. ప్రతినిధుల సభలో జనం ఎక్కువున్న ఉత్తరానిదే పైచేయి. బానిసల్లో ఐదుగురిని ముగ్గురిగా లెక్కగట్టే 1787 నాటి ఏర్పాటు కూడా దక్షిణాన్ని గట్టెక్కించలేదు. సెనేట్‌లో అయితే ప్రతి రాష్ట్రానికీ ఇద్దరే, కాబట్టి దక్షిణానికి అదే కంచె. 1819 చివర్లో లెక్క స్వేచ్ఛా రాష్ట్రాలు 11, బానిస రాష్ట్రాలు 11. మిస్సోరీ బానిస రాష్ట్రంగా వస్తానంటే, మెయిన్‌ను స్వేచ్ఛా రాష్ట్రంగా చేర్చి 12కి 12 చేశారు. ఇదే మిస్సోరీ రాజీ. ఫ్రాన్స్ దగ్గర కొన్న మిగతా లూసియానా భూభాగంలో 36°30' అక్షాంశం దగ్గర గీత గీసి, దానికి ఉత్తరాన బానిసత్వం వద్దన్నారు. 1848లో మెక్సికో నుంచి బోలెడంత నేల వచ్చిపడింది. పాత గీత దాని సంగతి తేల్చలేదు, తగాదా మళ్ళీ మొదటికొచ్చింది.

1850 రాజీ అనగానే అందరం స్వేచ్ఛా రాష్ట్రంగా చేరిన కాలిఫోర్నియా గురించి రాస్తాం. నన్నడిగితే బదులుగా దక్షిణానికి దక్కిన పారిపోయిన బానిసల చట్టం దగ్గర కాసేపు ఆగండి. పట్టుబడ్డ మనిషిని యజమానికి అప్పగిస్తే విచారించే కేంద్ర అధికారి, అంటే కమిషనర్‌కు 10 డాలర్ల ఫీజు, వదిలేస్తే 5. రాతకోతలు ఎక్కువని చెప్పిన సాకు! పట్టుబడ్డవాడికి జ్యూరీ లేదు, తన గురించి తాను సాక్ష్యం చెప్పుకునే వీలూ లేదు. 1854లో పారిపోయి వచ్చిన బానిస ఆంథొనీ బర్న్స్‌ను ఉత్తరాది నగరం బోస్టన్ వీధుల్లో సైనికుల మధ్య ఓడ దాకా నడిపించారు. దారి పొడవునా జనం భవనాలకు నల్లగుడ్డలు వేలాడదీశారు. ఎక్కడో దక్షిణాదిలో ఉందనుకున్నది వాళ్ళ గుమ్మం ముందుకే వచ్చింది.

'రాష్ట్రాల హక్కుల కోసమే యుద్ధం' అనే వాక్యాన్ని ఈ చట్టం చదివాక నా నోట్సులోంచి కొట్టేశాను. ఉత్తరాది రాష్ట్రాలు సొంత చట్టాలతో అడ్డుపడుతుంటే, కేంద్రం వాటి మెడలు వంచాలని పట్టుబట్టింది దక్షిణమే. 1860 డిసెంబర్‌లో విడిపోతూ దక్షిణ కరోలినా ఇచ్చిన ప్రకటనలో పెద్ద ఫిర్యాదు కూడా ఇదే, పారిపోయినవాళ్ళను తిరిగి అప్పగించట్లేదని.

మిగతావి గబగబా లాగించేయొచ్చు. 1854లో సెనేటర్ డగ్లస్ ఆ పాత 36°30' గీత చెరిపించి, బానిసత్వం సంగతి ఎక్కడి జనం అక్కడే తేల్చుకుంటారన్నాడు. కాన్సస్‌లో తుపాకులతో తేల్చుకున్నారు. ఆ కోపంలోంచే రిపబ్లికన్ పార్టీ పుట్టింది. 1856లో సెనేట్‌లోనే బానిసత్వ వ్యతిరేకి సెనేటర్ సమ్నర్‌ను దక్షిణాది ప్రతినిధి బ్రూక్స్ చేతికర్రతో చావబాదితే, దక్షిణాది నుంచి అతనికి కొత్త కర్రలు కానుకలుగా వచ్చాయి. 1857లో సుప్రీంకోర్టు ప్రధాన న్యాయమూర్తి టానీ ఇచ్చిన డ్రెడ్ స్కాట్ తీర్పు, టెరిటరీల్లో (ఇంకా రాష్ట్రాలు కాని ప్రాంతాల్లో) బానిసత్వాన్ని నిషేధించే అధికారం కాంగ్రెస్‌కే లేదంది. ఇక రాజీ పడటానికి ఏం మిగిలింది? 1860 అధ్యక్ష ఎన్నికల్లో సుమారు 40 శాతం ఓట్లతో రిపబ్లికన్ లింకన్ గెలిచాడు. ఉన్నచోట బానిసత్వం జోలికి పోను, కొత్త నేలకు పాకనివ్వను అన్నాడు. దక్షిణం భయమంతా ఆ రెండో ముక్క గురించే. 1861 ఏప్రిల్ 12న దక్షిణ కరోలినాలో కేంద్ర సైన్యం ఉన్న సమ్టర్ కోట మీద దక్షిణాది ఫిరంగులు పేలాయి, యుద్ధం మొదలైంది.

ఒక చిట్కా. యుద్ధంతో అమెరికా పత్తి ఆగిపోయి ఇంగ్లండ్‌లోని లాంకషైర్ మిల్లులు మన పత్తి మీద పడటం, 1865లో యుద్ధం ముగియగానే ఇక్కడ ధరలు కూలడం, వడ్డీ వ్యాపారుల మీద 1875 దక్కన్ రైతుల అల్లర్లు, ఇవన్నీ ఒకే పేజీలో రాసుకోండి. ఆధునిక భారతదేశం ప్రశ్నలకూ పనికొస్తుంది.

రెండోసారి అదే ప్రశ్నకు మ్యాప్ వేసి రాస్తే 11 వచ్చాయి. మ్యాప్ మీద ఎర్ర సున్నా మాత్రం తప్పలేదు. గీత పక్కన 36.30 డిగ్రీలు అని రాశాను. అది 36 డిగ్రీల 30 నిమిషాలు, అంటే 36.5.