నోరు విప్పకపోతే ఏ దేశంలో ఏమవుతుంది?

నేరారోపణ ఎదుర్కొంటున్న మనిషిని తన మీద తానే సాక్ష్యం చెప్పమని బలవంతపెట్టకూడదు. మన రాజ్యాంగం 20(3) అధికరణ చెప్పేది ఇదే. ఈ రక్షణ కోర్టు బోనెక్కాకే వస్తుందనుకోకండి. పోలీసుల విచారణలోనే మొదలవుతుందని నందిని శత్పథి కేసులో (1978) సుప్రీంకోర్టు తేల్చింది. విచారణలో పోలీసులు రాసుకున్న వాంగ్మూలం మీద చెప్పినవాళ్లచేత సంతకం పెట్టించకూడదని బీఎన్‌ఎస్‌ఎస్ (సీఆర్‌పీసీ స్థానంలో వచ్చిన చట్టం) 181వ సెక్షన్ అంటోంది. పోలీసుల ముందు నేరం ఒప్పుకున్న మాట కోర్టులో చెల్లదు.

చిక్కంతా భారతీయ సాక్ష్య అధినియమం 23వ సెక్షన్‌లోని మినహాయింపుతోనే. పాత చట్టంలో ఇది 27. కస్టడీలో ఉన్న మనిషి ‘నేనే పొడిచాను, కత్తి బావిలో పడేశాను’ అన్నాడనుకోండి. ఆ మాటతో వెళ్లి బావిలో కత్తి తీస్తే, అది ఎక్కడుందో చెప్పిన ముక్క సాక్ష్యమవుతుంది, ‘పొడిచాను’ అన్న ముక్క కాదు. మధ్యవర్తుల నివేదిక (పంచనామా) చేతికి రాగానే వకీలు విడదీయాల్సింది ఈ రెంటినే. కొట్టి చెప్పించారని తేలితే కత్తి ఎక్కడుందో చెప్పిన ముక్క కూడా నిలవదు.

వేలిముద్రలు, చేతిరాత నమూనా మాత్రం ఇవ్వనంటే కుదరదు. అవి పోల్చి చూడడానికే తప్ప మనసులో మాట బయటపెట్టవని 1961లో 11 మంది జడ్జీల ధర్మాసనం చెప్పింది. 2019లో గొంతు నమూనా కూడా ఆ కోవలో చేరింది. నార్కో, లై డిటెక్టర్ పరీక్షలు అలా కాదు. సెల్వి తీర్పు (2010) ప్రకారం మనిషి ఒప్పుకోనిదే చేయకూడదు. నా దృష్టిలో ఈ విషయంలో మనకున్న గొప్ప తీర్పు ఇదే.

అమెరికాలో ఐదో సవరణ రక్షణ గట్టిదే, కానీ నోరు తెరిచి అడగాలి. ఒక హత్య కేసులో నిందితుడు దాదాపు మూడు గంటలు ఇంచుమించు మౌనంగానే కూర్చున్నాడు. చివర్లో ‘ఆ కుర్రాణ్ణి కాల్చినందుకు క్షమించమని దేవుణ్ణి వేడుకుంటావా?’ అంటే ‘అవును’ అన్నాడు. ఆ ఒక్క మాటా సాక్ష్యమైంది. ‘నేను మాట్లాడను’ అని అతను స్పష్టంగా చెప్పలేదు కాబట్టి అది చెల్లుతుందని 2010లో అక్కడి సుప్రీంకోర్టు అంది.

ఇంగ్లండ్, వేల్స్‌లలో మౌనం ఎదురు తిరగొచ్చు. పోలీసులు అడిగినప్పుడు చెప్పని విషయాన్ని తర్వాత కోర్టులో ఎత్తుకుంటే, ‘అప్పుడే ఎందుకు చెప్పలేదు?’ అని జ్యూరీ అనుమానించడానికి 1994 చట్టం వీలిచ్చింది. ఆ అనుమానం ఒక్కదాంతోనే శిక్ష వేయకూడదు. స్టేషన్‌లో ఉంచి, లాయరుతో మాట్లాడనివ్వకుండా అడిగితే ఆ అనుమానానికీ తావు లేదు. అందుకే అక్కడి లాయర్లు చాలాసార్లు ముందే రాసుకున్న ప్రకటన చదివించి, మిగతా ప్రశ్నలకు మౌనంగా ఉండమంటారు. పాస్‌వర్డ్ సంగతి ఇంకా కఠినం. 2000 నాటి చట్టం కింద నోటీసు ఇచ్చాక చెప్పకపోతే రెండేళ్ల దాకా జైలు, దేశ భద్రత లేదా పిల్లల మీద లైంగిక నేరాల కేసైతే ఐదేళ్ల దాకా.